యుద్ధనౌకా, వాగ్గేయకారుడా? – గద్దర్ పాటను పలక పక్కనుంచి చదవడం

గద్దర్ మీద వచ్చిన రాతల్ని ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటగా కనబడుతుంది. ఆయన ఎప్పుడు అజ్ఞాతంలోకి పోయాడు, ఎప్పుడు బయటికొచ్చాడు, తూటా ఎప్పుడు తగిలింది, చివరి రోజుల్లో ఎవరి వేదిక ఎక్కాడు – వీటి మీద జరిగినంత చర్చ ఆయన పాట మీద జరగలేదు. అభిమానించిన వాళ్లు 'ప్రజా యుద్ధనౌక' అన్నారు. కోపమొచ్చిన వాళ్లు 'దారి తప్పాడు' అన్నారు. ఈ రెండు మాటల్లోనూ పాట కట్టినవాడు కనబడడు. నౌక అంటే ఒక సాధనం. దాన్ని నడిపేవాడు వేరే ఎవడో ఉంటాడని ఆ మాటలోనే ఉంది. శ్రీశ్రీని మహాకవి అన్నారు, విశ్వనాథను కవిసామ్రాట్ అన్నారు. తూప్రాన్ దళిత కూలి ఇంట్లో పుట్టి, పాట కట్టి, బాణీ కూర్చి, ఆడి పాడిన మనిషికి మాత్రం ఆయుధం పేరు పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, కాదనం. కానీ ఆ ప్రేమలో ఉన్న కొలత ఏందో అడగాల్సిన బాధ్యత దళిత విమర్శది.

ఈ ప్రశ్నను మేము సత్యవేడు నుంచి అడుగుతున్నాం. 1960 సరిహద్దుల సర్దుబాటులో చెంగల్పట్టు జిల్లానుంచి చిత్తూరు జిల్లాకు వచ్చిన ప్రాంతమిది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు. ఒకపక్క తిరుపతి, ఇంకోపక్క మద్రాసు. తెలంగాణలో డప్పు అనేదాన్ని మా పల్లెల్లో పలక అంటాం. జాతరకు పలక కావాల, చావుకు పలక కావాల, మహాభారతం ఆడే మిట్టకాడ జనాన్ని పిలవడానికీ పలక కావాల. కొట్టేవాడు మాత్రం దూరంగా నిలబడాల. ఆ దూరం కొలిచి చూసినవాళ్లకు గద్దర్ పాట వేరే మాదిరి వినబడుతుంది.

తిరుపతి మాట వచ్చింది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. మా ప్రాంతంలో పాట అంటే చదువుకున్నవాళ్లకు మొదట గుర్తొచ్చేది తాళ్లపాక అన్నమయ్య. 1408నుంచి 1503 దాకా బతికాడని చెబుతారు. ముప్పై రెండు వేల సంకీర్తనలు కట్టాడని ప్రతీతి. రాగిరేకుల మీద చెక్కించి కొండమీద అరలో దాచినవాటిని ఇరవయ్యో శతాబ్దంలో బయటికి తీశారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించారు. దేవస్థానం అచ్చువేసింది, స్వరాలు కట్టించింది, 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. మాట, పాట రెండూ ఒకడే కట్టాడు గనక ఆయన్ను వాగ్గేయకారుడు అన్నారు. అంతవరకు సరే. అన్నమయ్య బాణీలు యాడనుంచి వచ్చాయి? జాజర, సువ్వి, కోలాటం, ఉయ్యాల, గొబ్బి. వడ్లు దంచే ఆడోళ్లవి, పిల్లను ఊపే తల్లులవి, పండగనాడు అడుగులేసే కూలి జనానివి. శ్రమ చేసేవాళ్ల పాటను తీసుకొని దేవుడికి ఇస్తే అది సంకీర్తన అయింది. విమర్శకులు దాన్ని 'జానపద సౌందర్యం' అని మెచ్చుకున్నారు.

గద్దర్ చేసింది రూపంలో అదే పని. తల్లి లచ్చుమమ్మ నోట విన్న పాటలు, నాట్లలో కోతల్లో పాడుకునే పాటలు, ఒగ్గుకథ, బుర్రకథ, యక్షగానం, పల్లె భజన – వీటినుంచి బాణీలు తీసుకున్నాడు. వాటిని తిరిగి కూలోళ్లకే ఇచ్చాడు. దేవుడికి ఇచ్చినప్పుడు కళ అయింది, కూలోడికి ఇచ్చినప్పుడు ప్రచారం అయిందా? ఈ తేడా రాగంలో లేదు, తాళంలో లేదు, కట్టుబడిలోనూ లేదు. ఎవరు కట్టారు, ఎవరికోసం కట్టారు అన్నదాంట్లో ఉంది. అందుకే మేము గద్దర్‌ను వాగ్గేయకారుడు అంటాం. ఇది గౌరవం కోసం పెట్టే బిరుదు కాదు. మాట, బాణీ, అడుగు మూడూ తానే కట్టినవాడికి తెలుగులో ముందునుంచీ ఉన్న పేరు అదే.

ఇక ఆయన జీవితం. 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో శేషయ్య, లచ్చుమమ్మలకు పుట్టాడు. అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువుకు చేరి మధ్యలో వదిలేశాడు. హైదరాబాదులో బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో 1970ల మొదట్లో పరిచయమైంది. తొలి పాటల పుస్తకానికి పెట్టిన 'గద్దర్' అనే పేరే, గదర్ పార్టీని తలపించే ఆ పేరే, ఆయనకు నిలిచిపోయింది. 1972లో జననాట్యమండలి ఏర్పడింది. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి 1984లో రాజీనామా చేశాడు.

ఈ బ్యాంకు ఉద్యోగం సంగతిని విమర్శకులు ఒక వాక్యంలో దాటేస్తారు. 'ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చాడు' అంటారు, అయిపోయింది. భూమి ఉన్న కుటుంబంనుంచి వచ్చిన కార్యకర్త ఉద్యోగం వదిలితే వెనక పొలముంటుంది, అన్నదమ్ముల ఆసరా ఉంటుంది, పెళ్లికి పిలిచే బంధుబలగం ఉంటుంది. దళితుడి ఇంట్లో తొలి ఉద్యోగం అంటే ఆ ఇంటికి అదే పొలం. నెల జీతం ఆగితే ఆ ఇంట్లో ఏమేమి ఆగుతాయో మా మాదిరి తొలితరం చదువుకున్నవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకని ఇద్దరి త్యాగాన్ని ఒకే తక్కెడలో తూచడం కుదరదు. ఆ రాజీనామాను కులం పక్కన పెట్టి చదివితే గద్దర్ సగమే అర్థమవుతాడు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తెలుగు నేలమీద దళిత ఆలోచన ఆ రోజునుంచి మలుపు తిరిగింది. చీరాలలో శిబిరం, కత్తి పద్మారావు, బొజ్జా తారకం నాయకత్వంలో దళిత మహాసభ – ఇవి అందరికీ తెలిసినవే. గద్దర్ 'దళిత పులులు' పాట ఈ సందర్భంలో కట్టాడు. ఆ పాట పేరులోనే ఒక సాహిత్య చరిత్ర ఉంది. అంతకుముందు మనమీద వచ్చిన సాహిత్యంలో ఎక్కువ భాగం జాలి సాహిత్యం. అందులో హరిజనుడు ఏడుస్తాడు, మంచి మనసున్న పెద్ద కులంవాడు కన్నీళ్లు తుడుస్తాడు. గద్దర్ పాటలో చచ్చిపోయినవాళ్లు దిక్కులేని వాళ్లుగా రాలేదు, కలబడిన వాళ్లుగా వచ్చారు. శవాల లెక్కతో మొదలుపెట్టకుండా పోరుతో మొదలుపెట్టాడు. దళిత కవిత్వం 1990లలో 'చిక్కనవుతున్న పాట' సంకలనం దాకా వచ్చి చెప్పిన ధిక్కారానికి ఇది ముందుమాట. ఆ సంకలనం పేరులోనూ 'పాట' ఉందని గమనించాల. వచన కవులు తమ పుస్తకానికి పాట పేరు పెట్టుకున్నారు. పాట కట్టినవాళ్లను మాత్రం మనం కవుల వరసలో కూర్చోబెట్టడానికి చాలాకాలం తటపటాయించాం. గూడ అంజయ్య, మాస్టార్జీ, కలేకూరి ప్రసాద్ పాటలు ఊరూరా తిరిగినా విమర్శ వ్యాసాల్లో వాళ్లకు దక్కింది ఒకటి రెండు వాక్యాలే. గోరటి వెంకన్నకు 2021లో 'వల్లంకి తాళం'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన తర్వాతనే చాలామందికి పాట కూడా సాహిత్యమేనని గుర్తొచ్చింది.

గద్దర్‌ను మెచ్చుకోవడంతో విమర్శ పని తీరదు. కారంచేడుకు ముందు ఆయన పాటలో కూలి ఉన్నాడు, రిక్షావాడు ఉన్నాడు, జీతగాడు ఉన్నాడు. వాళ్ల కులం పేరు అంత గట్టిగా వినబడదు. ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు, ఆయన నిలబడ్డ రాజకీయాల సంగతి. వర్గం అనే పెద్ద గొడుగు కింద కులం నీడలోనే ఉండిపోయింది. కానీ పాటను ఎవరు మోశారో చూడండి. డప్పు మాదిగవాడలోది. భుజాన గొంగడి కురుమోళ్లది. కాలికి గజ్జె ఆడిపాడి బతికే కులాలది. గోచి పొలంలో ఉండే కూలివాడిది. మాటలో రాని కులం వేషంలోకి, వాయిద్యంలోకి, అడుగులోకి వచ్చి నిలబడింది. వేదిక మీద గద్దర్ ఒళ్లు బహుజన శ్రమకులాల గుర్తులన్నీ ఒకచోట చేర్చిన ఒళ్లు. సిద్ధాంతం చెప్పడానికి వెనకాడినచోట ఆ ఒళ్లు చెప్పేసింది. విప్లవ విమర్శకులు సాహిత్య పాఠం మాత్రమే చదివారు గనక ఇది పట్టుకోలేకపోయారు.

అంతకుముందటి ప్రజా నాట్యమండలితో పోల్చి చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. 1940లలో షేక్ నాజర్ బుర్రకథను ఎంత ఎత్తుకు తీసుకుపోయాడో తెలుగువాళ్లందరికీ తెలుసు. దూదేకుల ఇంట్లో పుట్టిన నాజర్ కూడా కిందినుంచి వచ్చినవాడే. అయితే బుర్రకథకుడి వేషం వీరుడి వేషం: తలపాగా, అంగరఖా, చేతిలో తంబురా. గద్దర్ ఆ వేషం విప్పేసి పొలంలో ఉండే మనిషినే వేదిక ఎక్కించాడు. కథ చెప్పేవాడు, కథలోని వాడు ఒకడే అయ్యాడు. ఇది చిన్న మార్పు కాదు.

ఆడవాళ్ల విషయంలో ఆయన పాటను జాగ్రత్తగా చదవాల. లచ్చుమమ్మ పాటలో కూలి తల్లి కష్టం ఉంది. అమావాస్య నాడు పుట్టిన ఆడపిల్ల పాటలో ఆ పుట్టుకను కీడుగా చూసే లోకంమీద ప్రశ్న ఉంది. రెండింట్లోనూ ఆడోళ్ల బాణీనే ఉంది. అమరుల పాటల్లోకి వచ్చేసరికి ఆ తల్లే కొడుకు శవం ముందు ఏడ్చే తల్లిగా మిగిలిపోతుంది. తనదిగా ఒక కోపం, ఒక నిర్ణయం ఆమెకు తక్కువ చోట్ల దక్కింది. దళిత స్త్రీ వాద విమర్శ ఈ పని ఇంకా చేయాల్సి ఉంది, ఆ పని మగ పరిశోధకులు చేసిపెట్టాల్సింది కూడా కాదు.

ఎవరి పాట ఎవరి పేరుతో నిలుస్తుంది అనేది ఇంకో చిక్కు. 1979లో వచ్చిన 'మా భూమి' సినిమాలో గద్దర్ తెరమీద కనబడి పాడిన పాట బండి యాదగిరిది. సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టింది. చాలామంది అది గద్దర్ పాటే అనుకుంటారు. ఒక పాటగాడి పేరు ఇంకో పాటగాడి వెలుగులో మరుగున పడింది. ఉద్యమంలో పాట అందరిదీ అనే మాట మంచిదే. అందరిదీ అయ్యేటప్పుడు మొదట చెరిగిపోయే పేరు ఎవరిదో చూసుకోవాల గదా. సరిహద్దు అవతల కూడా ఇదే కథ. 2021లో 'ఎంజాయ్ ఎంజామి' పాట లోకమంతా మోగింది. భూమిలేని తాత ముత్తాతల కథను ఆ పాటలోకి తెచ్చిన దళిత గాయకుడు అరివు. అదే సంవత్సరం ఆగస్టులో ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాటలో పాడిన ఇంకొక గాయని వచ్చింది, అరివు లేడు. గొడవ జరిగిన తర్వాత అతని బొమ్మ వేశారు. మద్రాసులో 2018 జనవరిలో తొలి ప్రదర్శన ఇచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందంలో పాడి పేరు తెచ్చుకున్నవాడికే ఇట్లా జరిగితే, ఊళ్లలో పలక పట్టుకొని పాట కట్టేవాడి పేరు ఎవరు రాసిపెడతారు?

రాజ్యానికీ పాటకూ ఉన్న సంబంధం దగ్గర ఈ వ్యాసంలో అసలు పేచీ ఉంది. 1985లో అజ్ఞాతంలోకి పోయిన గద్దర్ 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చాడు. నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభకు జనం పోటెత్తారు. 1992లో పీపుల్స్‌వార్‌ను నిషేధించారు. 1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ వెంకటాపురంలో ఇంట్లో ఉన్న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. పోలీసుల అండతోనే జరిగిందని ఆయనా, హక్కుల సంఘాలూ అన్నాయి. ఒక తూటాను డాక్టర్లు తీయలేకపోయారు. అది ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. 2004లో ప్రభుత్వంతో చర్చలప్పుడు వరవరరావు, 'అంటరాని వసంతం' నవల రాసిన జి. కళ్యాణరావులతో పాటు నక్సలైట్ల తరఫున ప్రతినిధిగా ఉన్నాడు. ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో ఆయన పాట మళ్లీ ఊరేగింది. 2018లో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023 ఆగస్టు 6న చనిపోయాడు. 1991లో అదే తేదీన చుండూరులో మనవాళ్లను నరికారు. ఆల్వాల్‌లో తాను పెట్టిన మహాబోధి విద్యాలయంలోనే బౌద్ధ పద్ధతిలో, ప్రభుత్వ లాంఛనాలతో ఆయన్ను పూడ్చారు. ఒంట్లో తూటా ఉన్న మనిషికి పోలీసులు గౌరవ వందనం చేశారు.

కథ అక్కడితో ఆగలేదు. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమాలోని పాటకు నంది పురస్కారం ప్రకటిస్తే గద్దర్ తీసుకోలేదు. 2024 జనవరి 31న తెలంగాణ ప్రభుత్వం ఆ నంది పురస్కారాల స్థానంలోనే గద్దర్ పేరుమీద సినిమా పురస్కారాలు ఇస్తామని ప్రకటించింది, 2025 జూన్‌లో ఇచ్చింది. బతికున్నప్పుడు వద్దన్న పురస్కారానికి చనిపోయాక ఆయన పేరే పెట్టారు. అభిమానంతోనే చేసి ఉండొచ్చు. దళితుడి పేరు ప్రభుత్వ పురస్కారానికి రావడం మాకు సంతోషమే, ఆ పేరును తీసెయ్యమని మేము అడగం. ఆ పేరుమీద ఇచ్చే పురస్కారంలో ఊరి పాటగాడికి వాటా ఏందని మాత్రం అడుగుతాం. సినిమా తారలకు చేరే పురస్కారం పలక కొట్టేవాడి గడపదాకా రాకపోతే ఆ పేరు పెట్టి ఏం లాభం?

దీన్ని ఒక్క తెలంగాణ సంగతిగా చూడకూడదు. ఆఫ్రికాలో కాంగో దేశపు ఫ్రాంకో లువాంబో మకియాది అనే గాయకుడి జీవితం చూడండి. 1938లో పుట్టాడు. తల్లి సంతలో నూనెలో కాల్చిన పిండివంటలు అమ్మి ఇల్లు నడిపింది. పిల్లవాడు చేతికి దొరికిన డబ్బా, తీగెలతో గిటారు చేసుకొని ఆ అంగడికాడ వాయించాడు. 1956లో ఓకే జాజ్ అనే బృందం కట్టినవాళ్లలో ఒకడయ్యాడు. తల్లుల భాష, సంత భాష పాటలోకి తెచ్చాడు. నియంత మొబుటు ప్రభుత్వం 1978లో అశ్లీల పాటలు కట్టాడని జైల్లో పెట్టింది. 1984 ఎన్నికలప్పుడు అదే మొబుటుకు ఓటెయ్యమని ఆయన చేత పాట వచ్చింది. 1989లో చనిపోతే ప్రభుత్వం నాలుగు రోజులు సంతాపదినాలు ప్రకటించింది. జైలు, పొగడ్త పాట, సంతాపం – మూడూ ఒకే రాజ్యం చేతిమీద నడిచాయి. రాజ్యానికి సొంత గొంతు లేదు. జనంలో నమ్మకం ఉన్న గొంతు దానికి ఎప్పుడూ కావాల్సిందే. మొదట నోరు మూయాలని చూస్తుంది, కుదరకపోతే తన పక్కన నిలబెట్టుకుంటుంది. గద్దర్ చివరి యేళ్లలో గుళ్లకు పోవడాన్నీ, 2023 జూలైలో ఖమ్మం సభకు పోవడాన్నీ ఆయన గుణంలో వచ్చిన లోపంగా తేల్చేవాళ్లు ఈ లెక్క చూడడం లేదు. నలభై ఏళ్లు పాడిన ముసలి పాటగాడికి నిలబడడానికి తన జనం కట్టిన సొంత వేదిక ఒకటి మనం ఎందుకు కట్టలేకపోయాం? ఈ ప్రశ్న దళిత సంఘాలకూ, విప్లవ సంఘాలకూ సమానంగా తగులుతుంది. ఆ నిర్ణయాల్ని మేము సమర్థించడం లేదు. గుడిముందు ఆడిన గద్దర్‌ను, బుద్ధుడి పేరుమీద బడి పెట్టిన గద్దర్‌ను పక్కపక్కన పెట్టి చదవాలని మాత్రం అంటున్నాం. ఒకదాన్ని దాచి ఇంకొకటి చూపిస్తే అది విమర్శ కాదు.

తెలంగాణ వచ్చిన తర్వాత 2014లో సాంస్కృతిక సారథి ఏర్పాటు చేసి ఐదు వందల మందికి పైగా కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. వాళ్లలో దళిత బహుజన బిడ్డలు ఎందరో ఉన్నారు. పథకాల మీద పాట కట్టాల్సి వచ్చిందని కొందరు ఎగతాళి చేశారు. మేము ఆ ఎగతాళిలో కలవం. దళితుడి ఇంటికి జీతం రావడం తక్కువ సంగతి కాదని ముందే చెప్పాం. అయినా జీతం తీసుకున్న గొంతు ప్రశ్న అడగగలదా అనేది ఉండనే ఉంది. మా సత్యవేడు వైపు ఆ జీతం కూడా లేదు. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ పలక కావాల. గొంగడి, గజ్జెలు, ఎర్ర గుడ్డ బదులు పార్టీ కండువా. గద్దర్ వేషం ఇప్పుడు అందరి వేషమైంది, ఆయన మాట మాత్రం ఎవరికీ వద్దు. 2008 తర్వాత శ్రీసిటీ వచ్చి మా చుట్టుపక్కల భూమి రూపమే మారింది. కూలోళ్ల పిల్లలు షిఫ్టు బస్సులెక్కి కంపెనీలకు పోతా ఉండారు. నాట్ల పాట పాడే మడి లేనప్పుడు కొత్త పాట యాడనుంచి వస్తుంది? గేటుకాడనుంచి, బస్సులోనుంచి, కాంట్రాక్టు జీతం చీటీలోనుంచి రావాల. గద్దర్ తన కాలపు రిక్షామీద, బస్తీమీద, జీతగాడిమీద కట్టినట్టే.

కాబట్టి పరిశోధక విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, కార్యకర్తలకూ మా మనవి ఇదీ. గద్దర్ జయంతికి ఆయన పాటలు పాడి ఊరుకోవద్దు. ఆయన పాటల్ని బాణీలతో సహా, ఏ ఊళ్లో ఏ సందర్భంలో కట్టాడో ఆ వివరంతో సహా సేకరించాల. రాగిరేకులు దొరికినాయన కోసం పండితులు, దేవస్థానం, విశ్వవిద్యాలయం కలిసి పనిచేసినప్పుడు, క్యాసెట్లలో, చిన్న పుస్తకాల్లో, ముసలివాళ్ల గొంతుల్లో మిగిలిన దళిత వాగ్గేయకారుల కోసం ఒక్క విభాగమైనా పనిచేయకూడదా? అంతకంటే ముందు మీ ఊళ్లో పలక కొట్టే మనిషి దగ్గరికి పోండి. ఆయనకు వచ్చిన పాటలు, ఆయన తాతకు వచ్చిన పాటలు రాసుకోండి. రాసుకున్నాక పైన ఆయన పేరు వెయ్యండి.